మూడు వరసల పండ్లు

భీమిలి
9 జూన్ 2024

మామా,

జాబు వచ్చిందంటే ఎవరికో ఏదో అయిందని అత్త గుండె పట్టుకుంటుంది. ఎవరికీ ఏమీ కాలేదని ముందు ఆమెకు చెప్పు.

కదిరి నుంచి అమ్మ ఫోన్ చేసి చెప్పే ఉంటుంది, నాకు ఉద్యోగం వచ్చింది. ఇక్కడ సముద్రం ఒడ్డున పిల్లలకోసం ఒక ప్రదర్శనశాల కట్టారు. చేపల తొట్లు, శంఖాలు, పెద్ద పెద్ద ఎముకలు. వచ్చినవాళ్ళకు అవన్నీ చూపించి చెప్పడం నా పని. చదివిన జువాలజీ ఇన్నాళ్ళకు కడుపుకింత అన్నం పెడుతోంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ ఒక గది ఖాళీగా ఉంది. కిటికీలు లేవు, పట్టపగలే చీకటి. అందులో ఏం పెడదామని మా మేడం అడిగారు. నేను నోరు ఊరుకోక, మా మేనమామ తోలుబొమ్మలు చేస్తాడండీ అనేశాను. మేకతోలు మీద సముద్రమంతా చేయించి వెనక దీపాలు పెడితే పిల్లలు సముద్రం అడుగున నడిచినట్లు ఉంటుందన్నాను. మేడం సరే అన్నారు. పది బొమ్మలు కావాలి. నవంబర్ పద్నాలుగు, బాలల దినం నాడు గది తెరుస్తారు.

నువ్వు సముద్రం చూడలేదని నాకు తెలుసు. ఎన్ని ఫోటోలు కావాలంటే అన్ని మన పక్కింటి కృపక్క ఫోనుకు పంపిస్తాను. కాదనొద్దు మామా. నిన్ను నమ్ముకుని మాట ఇచ్చేశాను.

నీ మేనకోడలు
సుష్మ


తనకల్లు
20 జూన్ 2024

సుష్మా,

నీ జాబు కృపాకుమారి కుట్టుమిషను నిలిపి చదివి వినిపిచ్చింది. ఈ జాబు గూడా ఆ యమ్మే రాస్తాండాది, నేను చెప్తాండా. నా చేతుల నిండా రంగులుండాయి, కాగితం పాడయితాది. బెంగుళూరు అంగడోళ్ళు దీపాలకు గొడుగులు చెయ్యమన్నారు, ఆ పని మీద ఉండా.

ముందు ఒగ మాట. "అనేశాను", "ఇచ్చేశాను" అని రాసినావు. పొయ్యి ఆరు నెల్లు కాలేదు, అప్పుడే నీ నాలికకు ఉప్పునీళ్ళు పట్టినాయి. ఆడ వాళ్ళతో ఎట్లన్నా మాట్లాడుకో, నాకు రాసేటప్పుడు మన మాట రాయి. కృపాకుమారి నీ "అండీ" చదివి నవ్వి నవ్వి దారం తెంపుకునింది.

బొమ్మలు చేస్తా. చెయ్యనంటే మీ అత్త నాకు సంగటి పెట్టదు. కానీ ఫోటోలు వద్దు. ఒగటి గూడా పంపొద్దు. మా నాయన చౌడప్పకు దేవుళ్ళ ఫోటోలు ఎవరు పంపినారు? రాకాసులొచ్చి ఆయన ముందర చాప మీద కూచ్చున్నారా? పాట విన్నాడు, తోలు కోసినాడు, అంతే. ఫోటో సూస్తే చెయ్యి నకలు కొడతాది. నువ్వు మాటల్లో రాయి. కోడంత ఉండాదా, యెనుమంత ఉండాదా, పట్టుకుంటే ఒళ్ళు ఎట్లుంటాది, యాడ నుంచి కదుల్తాది. నీకు అర్థమయ్యేట్లు కాదు, నాకు అర్థమయ్యేట్లు రాయి.

ఇంకోటి. మన ఇంటి పద్దతి నీకు గుర్తుండాదో లేదో. బొమ్మకు కన్ను అన్నిటికంటే కడాకు తెరుస్తాము. కోసినోడే తెరవల్ల, ఇంకొకరు ఉలి పెట్టగూడదు. కన్ను తెరిచేదంక అది తోలే, బొమ్మ గాదు. నీకు పదిహేడేండ్లప్పుడు ఇదంతా నేర్పిస్తా రామ్మా అంటే, ఈ తోలు కంపు నాకొద్దు మామా అని ముక్కు మూసుకోని పోతివి. ఇప్పుడు ఆ తోలే కావాల్సొచ్చింది సూడు.

ఈడ మబ్బు పడతాది, పోతాది. సెనిక్కాయ విత్తనం ఇంకా మూటల్లోనే ఉండాది. నీళ్ళు లేని ఊర్లో కూచ్చోని సముద్రం చెయ్యమంటాండావు. సరే, కానీలే.

మీ అత్త సంగటిలోకి ఊరిబిండి నూరి పెట్టింది. ఆ పక్కకు ఎవరన్నా వస్తే పంపుతాది.

పుల్లన్న


భీమిలి
1 జూలై 2024

మామా,

మన మాటలోనే రాస్తాండా, నవ్వొద్దని కృపక్కకు చెప్పు. నువ్వు ఒప్పుకున్నావని మేడంకు చెప్తే ఆ యమ్మ సంతోషపడింది. ఇంగ ఒగటొగటి చెప్తా, ఇను.

తిమింగలం. మన కదిరి బస్సులు రెండు ఒగదాని ఎనక ఒగటి నిలబెడితే ఎంతో అంత. కానీ అది చేప కాదు. బిడ్డను ఈని పాలిస్తాది, మన యెనుము మాదిరే. ముక్కు నెత్తిన ఉంటాది, ఊపిరి కోసం పైకొస్తాది. బిడ్డ పుట్టినాక మొదటి ఊపిరికి తల్లే దాన్ని పైకి ఎత్తుతాది.

తాబేలు. మన బావిలోది కాదు. దీనికి కాళ్ళ తావులో చేటలు ఉన్నట్లుంటాయి. అత్త రాగులు చెరిగేటప్పుడు చెయ్యి ఎట్ల పోతాదో, నీళ్ళలో దాని రెక్క అట్ల పోతాది. పుట్టిన ఇసక తిన్నెను మర్చిపోదంట, ఎంత దూరం పోయినా గుడ్లు పెట్టేకి ఆడికే వస్తాది.

జెల్లీ చేప. పేరుకే చేప. నానబెట్టిన సగ్గుబియ్యం మాదిరి ఒళ్ళు, ఈ పక్క నుంచి ఆ పక్క కనపడతాది. గొడుగు మూసి తెరిచినట్లు కదుల్తాది. కింద దారాలు వేలాడతాంటాయి, తగిలితే దురద.

ఆక్టోపస్. ఎనిమిది చేతులు, ఒగ ఎముక లేదు. చెయ్యి జారిన సంగటి ముద్ద ఎట్ల జారుతాదో అట్ల సందుల్లోకి జారిపోతాది. యాడ కూచ్చుంటే ఆ రంగుకు మారతాది.

అన్నిటి ఎనకాల నీలం ఉండల్ల మామా. సముద్రం అంటే నీలమే.

పిల్లోళ్ళ బస్సు వచ్చింది, నేను పోవల్ల. కడమ ఐదు రేపు ఇంకో కాగితంలో రాసి పంపుతా. కానీ సొరను మటుకు మర్చిపోవద్దు. సొర లేని సముద్రాన్ని సూసేకి ఎవరూ రారని మేడం చెప్తాండాది. పొడుగు ఆరడుగులు పెట్టు. మూడు వరసల పండ్లు, ఒగటి రాలితే దాని ఎనక నుంచి ఇంకోటి ముందుకొస్తాది. సొర సంగతి నీకు ఇంతకంటే చెప్పేదేముండాది.

అత్త మోకాళ్ళ నొప్పి ఎట్లుండాదో రాయి.

సుష్మ


తనకల్లు
20 జూలై 2024

సుష్మా,

మీ అత్త మోకాళ్ళు బాగుండాయి, నోరు ఇంకా బాగుండాది.

నీ రెండు జాబులూ ఒగదానికి నాలుగు మాట్లు చదివిపిచ్చుకున్నా. ఈసారి బాగా రాసినావు. తిమింగలం నెత్తిన ముక్కు అనింది నాకు నచ్చింది. తల్లి బిడ్డను పైకెత్తేది ఇన్నాక, ఒట్టి తిమింగలం చెయ్యబుద్ది గాలేదు. బిడ్డను గూడా చేసినా, తల్లి కడుపు కింద ఒగ నరం పెట్టి కట్టినా. కింది నుంచి పుల్ల ఎత్తితే బిడ్డ పైకి పోతాది. పదికి పదకొండు బొమ్మలయితాయి, మీ మేడం ఏమీ అనుకోదులే.

తోళ్ళ యాపారం చేసే గిరి తనకల్లు సంతలో నాలుగు మంచి మేకతోళ్ళు తీసిచ్చినాడు. నానబెట్టి, గీకి, ఎండబెట్టినాము. మీ అత్త తోలును ఎండకు పట్టి, కాగితం మాదిరి వచ్చిందనె.

రంగు కాడ మటుకు మీ అత్తకూ నాకూ కొట్లాట. నీలం గిన్నెలో కలిపి సూపిచ్చింది. ఇది నీలమేనా, బూడిద మాదిరుండాది, ఇంకా పొయ్యి అన్నా. పోసింది. ఇంకా పొయ్యి అన్నా. పోసింది. ఇంకా అంటే, నీకేమన్నా పిచ్చా అని గిన్నె ఆడనే పెట్టి లేచిపాయ. నేనే పోసుకుంటి.

సొర గురించి నీకు భయమే వద్దు. అన్నిట్లోకీ అదే బాగా కుదిరింది. మూడు వరసల పండ్లు నువ్వు చెప్పినట్లే పెట్టినా. కృపాకుమారి సూసి, అన్నా, దీన్ని కోసి పులుసు పెట్టేటట్లుండాదే అనింది. అంతకంటే మెప్పు ఏముండాది?

రాప్తాడు పక్క వాన పడిందంట. మనకు రాలేదు.

పుల్లన్న


భీమిలి
5 ఆగస్టు 2024

మామా,

తల్లీబిడ్డ సంగతి మేడంకు చెప్తే ఆ యమ్మ కండ్లు తుడుచుకునింది. నాకైతే గర్వంగా ఉండాది.

కృపక్క అన్నట్లు ఈడ సొరను పులుసే పెడతారు. బాలింతలకు పాలు పడేకి సొరను ఉడకబెట్టి పొడి మాదిరి చేసి పెడతారు గూడా. మనోళ్ళకు తెల్సినట్లే మాట్లాడినారని మేడం నవ్వింది.

ఒగ మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. మూడు జాబులు రాస్తి, నీ అక్షరం ఒగటన్నా సూడలేదు. కృపక్క రాత గుండ్రంగా బాగుండాది, కాదనలేదు. కానీ చేతులకు రంగులంటే ఎన్ని దినాలుంటాయి మామా? కడాకు నీ పేరు గూడా ఆ యక్కే రాస్తాంది. చిన్నప్పుడు నా పలక మీద పాము మాదిరి నీ పేరు రాసిస్తాంటివి, నాకు ఆ రాత గుర్తుండాది. తోలు కంపు అన్నందుకు ఇంకా మనసులో పెట్టుకున్నావా? అప్పుడు నాకు బుద్ది లేదు.

ఒగ సంతకమన్నా నీ చేత్తో పెట్టు. చాలు.

సుష్మ


తనకల్లు
28 ఆగస్టు 2024

సుష్మా,

బొమ్మలు అట్టపెట్టెలో పెట్టి కదిరి బస్టాండులో పార్సిలు వేసినాము. మధ్యలో పాత చీరలు పెట్టింది మీ అత్త. చీరలు తిరిగి పంపల్లంట.

సొర బాలింతలకు మంచిదే. చలవ చేస్తాది. ఆ మాట యాడైనా ఒగటే.

సంతకం అడిగినావు. బొమ్మలే నా సంతకం. జాబులో ఏముండాది? పేపరు రేపు చినుగుతాది, తోలు నీ పిల్లల కాలానికీ ఉంటాది.

రవ్వంత పని మిగిలిండాది. దాని గురించి తర్వాత రాస్తా. ముందు నువ్వు బొమ్మలు సూడు.

వాన ఒగ పదును పడింది. సెనిక్కాయ వేసేకి పొద్దు దాటిపాయ, ఉలవలు సల్లినాము.

పుల్లన్న


భీమిలి
7 సెప్టెంబర్ 2024

మామకు,

పెట్టె నిన్న వచ్చింది. అందరమూ చుట్టూ కూచ్చోని తెరిచినాము. ఒగటొగటి దీపం ముందర పట్టినాము. ఆ నీలం సూసి అందరూ ఇంకా దగ్గరకు జరిగినారు. మా మేడం ఇరవై ఏండ్లుగా సముద్రంలో దిగే మనిషి. ఈ నీలం పది బారల లోతున ఉంటాది, ఇంట్లో కూచ్చున్న మనిషికి ఎట్ల తెల్సింది అని అడిగింది. తాబేలు రెక్క అచ్చం అత్త చేటే.

తర్వాత సొర తీసినాము.

మామా, అది సొరకాయ. ఆరడుగుల సొరకాయ, తీగె, ఆకులు, తీగెకు మూడు వరసల్లో చిన్న చిన్న సొరపిందెలు. ఒగ ముసలి కాయ రాలిపోతాంటే దాని ఎనక ఇంకో పిందె. మేడం గోడకు ఆనుకోని నవ్వింది. పక్కన ఉండే వాచ్‌మన్‌ను గూడా పిలిచి సూపిచ్చింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈడ సొర అంటే చేప. మనుషుల్ని కరిసే పెద్ద చేప. సొరకాయను వీళ్ళు ఆనపకాయ అంటారు. పండ్లు అంటే నోట్లో పండ్లు. నోరు అని రాయకపోయింది నా తప్పే, ఒప్పుకుంటా.

కానీ ఇంకోటుండాది. ఒగ బొమ్మకు గూడా కన్ను తెరవలేదు. పదకొండింటిలో ఒగదానికి గూడా. అన్నీ చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినట్లు ఉండాయి. కన్ను తెరిచేదంక అది తోలే, బొమ్మ కాదు అని నువ్వే రాసినావు. అంటే నాకు తోలు పంపినావు. కంపు కొడతాదనిన దానికి తోలే పంపల్ల అనుకున్నావా? సంతకం అడిగితే అదీ పెట్టలేదు. ఇంత కోపముంటే మొదటి జాబులోనే వద్దని రాసుంటే సరిపోయేది.

కండ్లకు బొక్కలు పెట్టేకి మా వడ్రంగి ఉండాడు, పది నిమిషాల పని అంటాంది మేడం. నేను ఏమి చెప్పల్ల?

సుష్మ


తనకల్లు
17 సెప్టెంబర్ 2024

సుష్మా,

వడ్రంగి చెయ్యి నా బొమ్మ మీద పడితే నేను బండెక్కి వచ్చి ఆ గది పీకుతా. మీ మేడంకు ఇదే మాట చెప్పు, మెత్తగా చెప్పొద్దు.

సొర గురించి. ఇంట్లో ముగ్గురమూ కడుపు పట్టుకోని నవ్వినాము. నేనెందుకు అనుమానపడలేదో చెప్తా ఇను. చిన్నప్పుడు నేను బావిలో ఈత నేర్చింది ఎండిన సొరబుర్ర నడుముకు కట్టుకోని. అంత చిన్న బావికే సొరబుర్ర కావాల్సొస్తే, అంత పెద్ద సముద్రానికి ఆరడుగుల సొరకాయ ఉండొద్దా? నాకు అన్యాయమేమీ కనపడలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, ఈడ వినేవాడే చెప్పినదానికంటే ఎక్కువ ఇన్నాడు.

కండ్ల గురించి నన్ను అడగొద్దు. నాకు కోపం లేదు. లేదంటే లేదు. అవి అట్లనే ఉండనీ, లేకుంటే ఎనక్కి పంపు. పదకొండుకు పదకొండూ వాపసు తీసుకుంటా. మీ మేడం ఇంకెవరినన్నా పెట్టుకోనీ.

పుల్లన్న

సుష్మా, పైన ఉండేది అన్న మాట. ఆయన సంగటి తినేకి పోయినాడు. ఇది నేను, కృపాకుమారి, రాస్తాండా, ఆయనకు చదివి వినిపిచ్చలేదు.

అన్నకు రెండేండ్లుగా చూపు పోతాండాది. రెండు కండ్లలో పొర. ఇప్పుడు నేను ఎదురుగా నిలబడితే గొంతు బట్టి ఎవరని గుర్తు పడతాడు. రంగులని చెప్పింది అబద్దం. జాబు రాయలేడు, సంతకం గీత మీద రాదు. ఫోటోలు వద్దనింది గూడా అందుకే, నువ్వు పంపినా ఆయనకు తెల్ల కాగితమే. నీకు తెలిస్తే పని ఇయ్యవని భయం. నాతో ప్రమాణం తీసుకున్నాడు.

గీతలన్నీ గోరుతో తడుముకుంటా కోసినాడు. నలభై ఏండ్ల చెయ్యి కదా, అది తప్పలేదు. కన్ను మటుకు కోయలేకపోయినాడు. ఆడ ఉలి రవ్వ జరిగితే మొహమే పోతాది. మూడు దినాలు తాబేలును ఒళ్ళో పెట్టుకోని, ఉలి పెట్టేది తీసేది. కడాకు మీ అత్తను పిలిచి, పెట్టెలో పెట్టెయ్ రామలక్ష్మీ అన్నాడు.

ఆపరేషన్ చేయించుకో అంటే ఇనడు. వెనకటికి వాళ్ళ నాయన చౌడప్ప తాతకు యాడో శిబిరంలో కన్ను కోస్తే ఉండే చూపు గూడా పోయిందంట. ఆ తర్వాత ఆ తాత ఉలి పట్టలేదు. పన్నెండేండ్లు అరుగు మీదనే కూచ్చోని పోయినాడు. అన్నకు అదే భయం. కోపం నీ మీద కాదు.

నేను మాట తప్పినా. దేవుడు నన్ను క్షమిస్తాడు, అన్న క్షమిస్తాడో లేదో సూడల్ల.


భీమిలి
24 సెప్టెంబర్ 2024

కృపక్కా, ఇది మామ ముందర గట్టిగా చదువు. లేచిపోకుండా వాకిలికి అడ్డం అత్తను కూచ్చోబెట్టి చదువు.

మామా,

నాకు అంతా తెల్సింది. కృపక్కను తిట్టొద్దు. తిట్టేదుంటే నన్ను తిట్టు. నీ చూపు పోతాంటే నేను నీ రాత కోసం అలిగినా. ఆ జాబు రాసిన చెయ్యి ఇరగ్గొట్టుకోబుద్దయితాంది.

నీకు చూపు లేదంటే నేను పని ఇయ్యననుకున్నావా? నిజం చెప్తా, ముందే తెల్సుంటే ఇయ్యకపోయేదాన్నేమో. అది నా తప్పయ్యుండేది. నువ్వు తడిమి చేసిన తిమింగలాన్ని మేడం ప్రతి పొద్దూ వచ్చి సూసి పోతాంది.

తాతకు అట్లయిందని నీకు భయం. కానీ మామా, లెక్క సక్కంగా చూడు. కోయించుకుంటే పోతాదేమో అని నీ భయం. కోయించుకోకుంటే ఖాయంగా పోతాది. తాత అరుగు మీద కూచ్చున్న పన్నెండేండ్లు నువ్వు సూసినావు, అత్త గూడా సూసింది. ఆ యమ్మను మళ్ళా అవే సూడమంటావా?

అనంతపురంలో ఒగ కండ్ల డాక్టరమ్మతో మాట్లాడినా. తాత సంగతి గూడా చెప్పినా, దాచలేదు. అప్పటి పద్దతి వేరే, ఇప్పుడు పావు గంట పని, ముందు ఒగ కన్ను చేసి అది బాగయినాకే రెండోది అనింది. శుక్రవారం నేను రైలెక్కుతాండా. పెట్టె నాతోనే తెస్తాండా. వడ్రంగిని ముట్టనియ్యలేదు. కండ్లు నువ్వు తెరిస్తే తెరిచినట్లు, లేకుంటే ఆ గదిలో అన్నీ గుడ్డిగానే వేలాడతాయి. మేడంతో చెప్పేసినా.

నువ్వు రానంటే నేను నీ అరుగు మీదనే కూచ్చుంటా. నాకు పది దినాల సెలవుండాది.

సుష్మ


తనకల్లు
3 నవంబర్ 2024

సుష్మా,

ఈ జాబు నేనే రాస్తాండా. అక్షరాలు గొర్రెలు తొక్కినట్లుండాయి, చదువుకో. పాము మాదిరి అంటివి కదా, పాము ఇంగా బతికే ఉండాది.

ఆపరేషన్ గదిలోకి తోసేదంక నా చెయ్యి పట్టుకోనింటివి. సెలవు అయిపోయి ఆ సాయంత్రమే రైలెక్కితివి, కట్టు ఇప్పేది నువ్వు సూడలేదు. అందుకని చెప్తా. మర్సునాడు పొద్దున ఇప్పినారు. కన్ను తెరిచేకి నాకు ధైర్యం చాల్లేదు. మా నాయనకు కట్టు ఇప్పినప్పుడు ఆయన, దీపం పెట్టండప్పా అన్నాడు. పట్టపగలు. ఆ మాట నా చెవిలోనే ఉండాది. డాక్టరమ్మ, పెద్దాయనా, తెరువు అనింది. తెరిస్తి. ఎదురుగా మూలన ఒగ ప్లాస్టిక్ బక్కెటు ఉండాది. నీలం. అంత నీలం నేను పుట్టినాక సూడలేదు సుష్మా. అమ్మా, అది ఏమి బక్కెటు అని అడిగినా. కసువు తుడిచే నీళ్ళదప్పా అని నవ్వె. నాకు ఏడుపొచ్చింది. ఏడవొద్దు కన్ను తడవగూడదు అని డాక్టరమ్మ అరిచె. మీ అత్త మటుకు ఏడిచింది, ఆ యమ్మను ఎవరూ ఏమీ అనలేదు.

మూడు వారాలు పని ముట్టుకోవద్దన్నారు. కడాకు పోయిన వారం పెట్టె తెరిచినా. బొమ్మలు సూసి, ఇంత నీలం ఎవరు పోసిరి అన్నా. నువ్వే కదా గిన్నెలకు గిన్నెలు పోసింది అనె మీ అత్త. అప్పుడు నాకు తెల్సింది. ఆ పొర అడ్డం ఉండి, నాకు నీలం అందలేదు. అందేదంక పోసినా. మీ మేడం పది బారల లోతని మెచ్చుకునింది నా గుడ్డితనాన్ని. ఇప్పుడు మళ్ళా అట్ల పొయ్యమంటే పొయ్యలేను, చెయ్యి అడ్డం పడతాది. అందుకని ఆ రంగును మార్చలేదు.

కృపాకుమారి తలలో తెల్ల ఎంటికలు కనపడినాయి. చెప్పినా. రెండు దినాలు మాట్లాడలేదు. మాట తప్పినందుకు అదే నీకు శిక్ష అన్నా, అప్పుడు నవ్వింది.

సొర చేసినా. ఈసారి చేపే. మూడు వరసల పండ్లు, నోట్లోనే పెట్టినా. సొరకాయను పారేయొద్దు, అది నా మొదటి సముద్రం. దానికి గూడా ఒగ కన్ను తెరిచినా. కాయకు కన్నేమి అంటాంది మీ అత్త. ఉండనీ, సముద్రానికి పోయిన కాయ కదా, నాలుగూ సూడనీ.

అన్నిటికీ తెరిచినా. తాబేలుకు మాత్రం తెరవలేదు. ఇది సూసి మళ్ళా జాబు మీద జాబు రాయొద్దు, కోపం కాదు. దాని మొహం మీద సూదితో చుక్క పెట్టినా, ఆడ. పెట్టెలో అడుగున నా చిన్న ఉలి గుడ్డలో చుట్టి పెట్టినా. మా నాయనది. కోసినోడే తెరవల్ల అంటిమి కదా, దీన్ని కోసేటప్పుడు నాకు చూపు లేదు, నీ మాట ఉండాది. చేట రెక్క నీది. అందుకని నువ్వు గూడా కోసినట్లే లెక్క. తెరువు. చెయ్యి వణికితే వణకనీ, తోలు నీ మీద కేసు పెట్టదు.

రెండో కన్ను వచ్చే నెల.

మీ మామ
పుల్లన్న


భీమిలి
16 నవంబర్ 2024

మామా,

నీ జాబు చదువుకునేకి అర్ధ గంట పట్టింది. ఇంకో రెండు మాట్లు ఊరికే చదివినా.

గది తెరిచినాము. పిల్లోళ్ళు అందరూ తిమింగలం కింద పండుకొని పైకి సూసినారు, బిడ్డ పైకి పొయ్యేటప్పుడల్లా వాళ్ళూ ఊపిరి పీల్చినారు. సొరను సూసి రవ్వంత భయపడినారు. సొరకాయ కాడ నవ్వినారు. దాని కింద మేడం పలక రాయించింది: "తనకల్లు సొర. కరవదు."

తాబేలును గది తెరిచే ముందు రాత్రి నేనొక్కదాన్నే కూచ్చోని తెరిచినా. కన్ను నువ్వు పెట్టిన చుక్క కంటే గింజంత పక్కకు పోయింది. దీపం పెడితే అది నీ సొరకాయ దిక్కే సూస్తాండాది. మార్చేకి లేదు, అట్లనే తగిలించినాము.

అత్త చీరలు తెస్తా. వచ్చే నెల రెండో కన్నుకు నేను వస్తా, ఈసారి కట్టు ఇప్పేదంక ఉంటా.

మామా, చేతికి తోలు వాసన పట్టింది. మూడు దినాలయింది, ఇంకా పోలేదు. నేనూ కడగలేదు.

సుష్మ